మూడు వరసల కుట్టు

ఆసుపత్రి, కిటికీ పక్క మంచం
మార్చి 9

వదినగారికి,

నమస్కారం. మీరు క్షేమంగా ఇల్లు చేరారని అన్నయ్య చెప్పాడు. మొన్న ఫోనులో మీరు నాలుగు ప్రశ్నలు అడిగితే నేను నాలుగుసార్లు "ఊఁ" అన్నాను. పెట్టేశాక సిగ్గేసింది. నాకు మాటలు కాగితం మీదే వస్తాయి. కాన్వెంటులో చదివిన రోజుల్లో సిస్టర్లు కూడా నాతో చీటీల మీదే మాట్లాడేవారు.

మీ కిడ్నీ బాగా పనిచేస్తోంది. నాలోకి వచ్చి పదిహేను రోజులైనా ఇంకా "మీ కిడ్నీ" అనే రాస్తున్నాను. నిన్న కొత్త నర్సు రిపోర్టు చూసి, "కష్టజీవిదమ్మా ఇది. ఎవరిచ్చారు?" అంది.

"మా వదిన."

"వదినా?" అని నన్నొకసారి, రిపోర్టునొకసారి చూసింది. "మా ఆడపడుచుకైతే నేను గోరు కూడా ఇవ్వను" అంటూ సూది గుచ్చింది.

నిన్న గ్లాసు నిండా నీళ్ళు తాగాను. డయాలిసిస్ చేయించుకున్న మూడేళ్ళూ గుక్కలు కొలుచుకుని తాగినదాన్ని. అడుగు కనిపించేదాకా తాగి, మళ్ళీ నింపుకున్నాను.

మాత్రల వల్ల చేతులు వణుకుతున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే కంగారు పడకండి. ఉన్నది ఆ ఒక్క ఇబ్బందే. ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉంచుతామన్నారు. ఊరికే, జాగ్రత్త కోసం. నడుస్తున్నాను.

"థాంక్స్" అని రాసి కొట్టేశాను. చాలా చిన్నదిగా కనిపించింది.

మీ ఆడపడుచు

*

అదే మంచం, అదే రోజు

అన్నయ్యా,

ఈ చీటీ ఇంటికి కాకుండా నీ రొట్టెల కొట్టుకు పంపుతున్నాను. వదినకు "నడుస్తున్నాను" అని రాశాను. నిజం నీకు తెలుసు. కుడి మోకాలు ఇవాళ్టికీ నిలవడం లేదు. తొడ ముందువైపు గిల్లినా తెలియడం లేదు. కాలు చాపమంటే చాపలేను. ఆపరేషన్లో నరం దెబ్బతిందంటున్నారు. ఎంత దెబ్బతిందో, తిరిగి వస్తుందో రాదో ఇంకా చెప్పడం లేదు.

వదినకు చెప్పకు. ఒళ్ళు కోయించుకుని ఇచ్చినందుకు ఇదా ఫలితం అనుకుంటుంది. ఇది చదివి పొయ్యిలో వేసెయ్.

చెల్లి

*

వరండా, కుట్టు మిషన్ ముందు
మార్చి 17

పుస్తకాల పురుగుకి,

"వదినగారికి" అట! "నమస్కారం" అట! హెడ్మిస్ట్రెస్‌కి సెలవు చీటీ రాసినట్టు రాశావు. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. ఇప్పుడు నా కిడ్నీ కూడా నీ దగ్గరే ఉంది కాబట్టి నువ్వు నాకు ముప్పాతిక మొగుడివి. ఇంకా ఈ మీరు, గారు ఏమిటి?

ఆ నర్సుకు చెప్పు. మా ఆడపడుచు నన్నెప్పుడూ ఏమీ అడగలేదు, అందుకే ఇచ్చానని. అడిగుంటే నేనూ గోరే ఇచ్చేదాన్ని.

నా కోత మానింది. దగ్గు వస్తే మాత్రం పక్క నొక్కి పట్టుకోవాలి. బరువెత్తొద్దన్నారని మీ అన్న చెంబు కూడా ఎత్తనివ్వడం లేదు. నిన్న కత్తెర తీయబోతే "బరువు!" అని అరిచాడు. "మరి గొంతు ఎత్తొచ్చా?" అన్నాను. "దాన్ని డాక్టరు కూడా ఆపలేడు" అన్నాడు. ఒంట్లో ఇంత చక్కెర పెట్టుకుని, పొద్దస్తమానం రొట్టెల మధ్య తిరుగుతూ, నాకు జాగ్రత్తలు చెబుతున్నాడు. ఆ చక్కెరే లేకపోతే నీకు కిడ్నీ తనే ఇచ్చేవాడు. నన్నెవరూ అడిగేవారే కాదు.

పనిలో పడకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది. నీకు రెండు ప్యాంట్లు కుడతాను. లైబ్రరీలో నువ్వు పనిచేసే గదికి నలభై ఒక్క మెట్లని ఒకసారి చెప్పావు. నువ్వు నాతో వరసగా మూడు వాక్యాలు మాట్లాడిన రోజది, అందుకే గుర్తుంది. రోజూ అన్ని మెట్లు ఎక్కే మనిషికి కొన్న ప్యాంటు పనికిరాదు.

ఉత్తరంలో నా పాత టేపు పెట్టాను. అంచులు చిరిగాయి కానీ అబద్ధం చెప్పదు. నడుం, సీటు, రెండు తొడలు విడివిడిగా, మోకాళ్ళు, పొడుగు. నిలబడి కొలుచుకో. టేపు కింద ఒక వేలు పట్టాలి. వదులు నేను కలుపుకుంటాను.

వదిన

*

ఆసుపత్రి వెనక వీధి, కింది గది
ఏప్రిల్ 2

వదినగారికి,

టేపు అందింది. ఆసుపత్రి నుంచి వచ్చేశాను. తరచూ పరీక్షలకు వెళ్ళాలి కనుక దగ్గరలోనే గది తీసుకున్నాను. మా లైబ్రరీ ఇక్కడికి రెండు వీధుల దూరం.

కొలతలు: నడుం ఇరవై ఎనిమిది. సీటు ముప్పై ఆరు. ఎడమ తొడ ఇరవైన్నర. కుడి తొడ ఇరవైన్నర. మోకాళ్ళు పద్నాలుగు. పొడుగు ముప్పై ఎనిమిది.

మా హెడ్ లైబ్రేరియన్ నన్ను చూడడానికి వచ్చారు. మేమంతా ఆయన్ని పెద్దాయన అంటాం. నాది పాత పత్రికల గది, మూడో అంతస్తు. లిఫ్టు లేదు. డయాలిసిస్ లేని రోజుల్లో ఆయాసపడుతూనైనా ఎక్కేదాన్ని. ఆ గది తాళం ఆయన తన జేబులోనే ఉంచుకున్నారు. డిసెంబరు ఒకటి దాకా ఆగుతారట. ఆ రోజుకు నేను రాలేకపోతే గది మరొకరికి ఇవ్వక తప్పదన్నారు. వస్తానని చెప్పాను.

కిడ్నీ బాగుంది.

మీ ఆడపడుచు

*

వరండా, కుట్టు మిషన్ ముందు
ఏప్రిల్ 8

అబద్ధాలకోరుకి,

ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నాను. రెండు తొడలూ నూలుపోగు తేడా లేకుండా ఉన్న మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు. దేవుడు తొందర పనివాడు. ఒక భుజం కిందికి, ఒక చెయ్యి పొడుగు, ఒక కాలు లావు. వాటన్నిటినీ సరిచేసి చూపించడానికే నాలాంటివాళ్ళున్నారు.

నా కొలతల నోటుపుస్తకంలో నీకూ ఒక పేజీ ఉంది. నా పెళ్ళికి నీకు బట్టలు కుట్టినప్పటిది. అందులో నీ కుడి తొడ ఎడమదానికంటే పావంగుళం ఎక్కువ. మూడేళ్ళ జబ్బుకు రెండూ తగ్గాయనుకో. కూడబలుక్కుని సమానంగా తగ్గవు కదా? ఒక్క తొడే కొలిచి రెండుసార్లు రాశావు. పైగా గాలీ వెలుతురూ కావాలని ఎప్పుడూ మేడ మీదే ఉండేదానివి. ఇప్పుడు కింది గదెందుకు?

టేపు మెడలో వేసుకుని తిన్నగా కొట్టుకు వెళ్ళాను. మీ అన్న పిండి పిసుకుతున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నోరు తెరవకముందే "నాకేం తెలీదు" అన్నాడు.

"ఏం తెలీదు?" అన్నాను.

"కాలి సంగతి" అన్నాడు.

అదీ మీ అన్నాచెల్లెళ్ళ గూడుపుఠాణీ. ఆ చీటీ పొయ్యిలో వేశాడట. దాని వెనకే వెళ్ళమన్నాను.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా? నీకు అక్షరాలా పడింది. నవ్వకు. నేనూ నవ్వడం లేదు. ఏడిస్తే కోత దగ్గర లాగుతుంది, అందుకని కోప్పడుతున్నాను.

టేపు నీ దగ్గరే ఉంది. మళ్ళీ కొలిచి, నిజం రాయి.

వదిన

*

కింది గది
ఏప్రిల్ 14

వదినా,

ఎడమ ఇరవైన్నర. కుడి పద్దెనిమిదింబావు.

ఆపరేషన్ అయిన రెండో రోజు నిలబెట్టారు. కుడి మోకాలు కాగితంలా మడతపడిపోయింది. నర్సు పట్టుకోకపోతే పడేదాన్ని. పక్క గదిలో మీరు మూలుగుతున్నారు. నాకు అన్నిటికంటే ముందు వచ్చిన ఆలోచన, ఇది వదినకు వినపడిందా అని.

ఇప్పుడు మోకాలికి పట్టీ కట్టుకుని, వాకరు పట్టుకుని గది చివరిదాకా వెళ్ళగలను. పోయిన వారం నరాల డాక్టరు తొడలో సన్నటి సూది పెట్టి, కాలు బిగించమన్నారు. కండరం పనిచేస్తుంటే పక్కనున్న స్పీకరులో చప్పుడు వస్తుందట. ఎడమ కాలికి వానపడ్డట్టు వచ్చింది. కుడి కాలికి ఏమీ లేదు. నిశ్శబ్దం నాకు ఇష్టమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ గదిలో దానంత భయంకరమైనది ఇంకోటి లేదనిపించింది. చివరికి ఒకటి, రెండు చిటపటలు వినిపించాయి. డాక్టరు వేలు పైకెత్తి, "విన్నావా? నరం తెగలేదు. నలిగింది" అన్నారు. నలిగిన నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున కోలుకుంటూ వస్తుందట. ఎక్కువమందికి తిరిగి వస్తుంది, ఎంతవరకు అన్నది మాత్రం చెప్పలేమన్నారు.

చప్పుడు మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. మీ పెళ్ళయిన కొత్తలో, నా పరీక్షల ముందు, మిషన్ చప్పుడుకు చదవలేకపోతున్నానని అమ్మతో అన్నాను. మీతో అనే ధైర్యం లేక అమ్మతో అన్నాను. మర్నాడు మిషన్ వరండాలోకి వెళ్ళింది. పరీక్షలయ్యాయి. ఉద్యోగం వచ్చింది. ఊరు మారాను. తొమ్మిదేళ్ళుగా మీరు చలిలో, ఎండలో ఆ వరండాలోనే కుడుతున్నారు. మీ ప్రతి ఉత్తరం మీదా ఆ మాటే ఉంటుంది. అలాంటి నాకు మీరు కిడ్నీ ఇచ్చారు. ఆ కిడ్నీ నా కాలు తీసుకుందని మీకు ఎలా రాయను?

మీ ఆడపడుచు

*

వరండా, కుట్టు మిషన్ ముందు
మే 3

అమ్మాయీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండు వారాలు జవాబు రాయలేదు. నాకు మాటలు కరువైన సంగతి మీ అన్న వీధంతా చెప్పుకుని తిరిగాడు.

నీది అయింది. నాది విను.

డాక్టరు మొదట జనవరి పదో తేదీన ఆపరేషన్ అన్నాడు. నాకు దగ్గు, జలుబు, తగ్గాక రమ్మన్నారని మీ అందరికీ చెప్పాను. నాకు దగ్గూ లేదు, జలుబూ లేదు. బడి పిల్లల యూనిఫారాలు రెండు వందల జతలు ఒప్పుకున్నాను, అవి ఇచ్చాక వస్తానని డాక్టరుకు నేనే చెప్పాను. అది కూడా సాకే. యూనిఫారాలు పక్కింటావిడ కుట్టిపెడతానంది. నాకు భయమేసింది. బట్ట కత్తిరించినట్టు నన్ను కత్తిరిస్తారని తలుచుకుంటే చెమటలు పట్టేవి. అలా ఆరు వారాలు గడిపాను. ఆ ఆరు వారాలూ నువ్వు వెళ్ళి ఆ డయాలిసిస్ మంచం మీద పడుకున్నావు. నాకేమో "జలుబు తగ్గిందా వదినగారూ" అని కార్డు రాశావు. ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ ఆరు వారాల్లో నువ్వు నీరసించిపోయావు, అందుకే నీ కాలు పోయింది. నాకు అలాగే అనిపిస్తోంది. నువ్వు కాదన్నా అనిపిస్తూనే ఉంటుంది.

ఇక పని మాట. ప్యాంట్లు పంపుతున్నాను. గుడ్డ ఒకసారి కత్తిరిస్తే మళ్ళీ అతకదు కనుక చాలాసేపు ఆలోచించాను. రెండు కాళ్ళకూ ఇరవైన్నరకే కత్తిరించాను. అవును, నువ్వు రాసిన అబద్ధపు కొలతకే. దాన్ని నిజం చేసే పని నీది.

కుడి కాలు లోపలి వైపు తిప్పి చూడు. మూడు వరసల కుట్టు వేసి గుడ్డను లోపలికి పట్టాను. పసుపు దారం, నారింజ దారం, ఎరుపు దారం. ఒక్కో వరస ముప్పావంగుళం. తొడ పంతొమ్మిదికి వచ్చిన రోజు పసుపు విప్పు. ఆ తర్వాత నారింజ. చివరికి ఎరుపు. పైకి చూస్తే ఎవరికీ తెలియదు.

నరం రోజుకు మిల్లీమీటరు అన్నావు. నా మిషన్ కుట్టు ఒక్కటి రెండున్నర మిల్లీమీటర్లు. అంటే నీ నరం రెండున్నర రోజులకు ఒక కుట్టు వేస్తోంది. నెలకు డజను కుట్లు! కొత్తగా పనిలో చేరిన పిల్ల కూడా అంతకంటే నయం. అయినా పని మానకుండా కుడుతోంది కదా, కుట్టనీ.

వదిన

*

కింది గది
మే 20

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నేనుగా ఒక డాక్టరును ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. వరండాలో కూర్చుని ఆ ప్రశ్నను మూడుసార్లు కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్ళాను.

ఆయన బొమ్మ గీసి చూపించారు. కొత్త కిడ్నీని పొత్తికడుపులో కుడివైపున పెడతారు. పని అయ్యేదాకా కోత మూసుకుపోకుండా ఇనుప పరికరంతో తెరిచి పట్టుకుంటారు. తొడకు వెళ్ళే నరం సరిగ్గా దాని కిందే ఉంటుంది. మూడు గంటలు ఆ ఇనుము కింద నలిగింది. అరుదుగా జరుగుతుందట. జనవరిలో చేసినా జరిగేదే, ఫిబ్రవరిలో చేసినా జరిగేదే.

"మా వదిన నమ్మదు" అన్నాను. మందుల చీటీ తీసి, దాని మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. ఇందులో పెడుతున్నాను. "ఆరు వారాల వల్ల కాదు. ఇనుము వల్ల. వదినగారు దిగులు మానాలి, రోజుకు మూడు పూటలు." చివరి మాట ఆయనదే. నేను కల్పించలేదు.

నువ్వు భయపడ్డావని తెలిసి నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ళూ నీకు భయమే తెలియదనుకున్నాను. భయపడి కూడా వచ్చావు. అది ఇంకా పెద్ద సంగతి.

నువ్వు అని రాసేశాను. మళ్ళీ మార్చను.

ఇక్కడ కసరత్తులు చేయించే ఫిజియోథెరపిస్టు ఉంది. నేను మనసులో ఆమెకు "మళ్ళీ మేడమ్" అని పేరు పెట్టాను. ఆమెకు ఇంకో మాట రాదు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, మడమ పైకి లేపమంటుంది. ఏడు వారాలు లేపాను. అంటే లేవమని కాలికి చెప్పాను, అది వినలేదు. నిన్న మడమకూ మంచానికీ మధ్య సందు కనిపించింది. మేడమ్ తల మంచం ఎత్తుకు వంచి, ఆ సందులోంచి ఇటు నుంచి అటు చూసింది. ఒక పోస్టుకార్డు తెచ్చి ఆ సందులోకి దూర్చింది. దూరింది!

"మళ్ళీ" అంది.

ఒక్క కోరిక. మిషన్ను లోపలికి, నా గదిలోకి జరుపు. కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది.

నీ ఆడపడుచు

*

నీ గది, కిటికీ పక్క, కుట్టు మిషన్ ముందు
జూన్ 2

పురుగూ,

పైన రాసింది చూశావుగా! మీ అన్న, పక్కింటాయన కలిసి మోశారు. గుమ్మంలో ఇరుక్కుంది. ఎత్తమని ఒకరు, దించమని ఒకరు. నేను కుర్చీలో కూర్చుని ఇద్దరినీ తిట్టాను. నాకు బరువులొద్దన్నారు కదా. వెలుతురు భలే ఉంది. నల్లగుడ్డ మీద నల్లదారం కనిపిస్తోంది. తొమ్మిదేళ్ళు కళ్ళు చిట్లించుకుని కుట్టాను. పరీక్షలయ్యాక మిషన్ లోపల పెట్టుకోమని నువ్వు చెప్పలేదు, పెట్టుకోనా అని నేనూ అడగలేదు. ఇద్దరం తోడుదొంగలమే. వదిలెయ్.

డాక్టరు చీటీ మిషన్ పైన గోడకు అంటించాను. అది చదివి మీ అన్న, "మూడు పూటలు మానడానికి నీకు ముప్పై దిగుళ్ళుండాలి" అన్నాడు. ఉన్నాయి. ఒకటి మాత్రం మానేశాను.

పోస్టుకార్డు దూరింది సరే. దిండు ఎప్పుడు దూరుతుంది?

వదిన

*

కింది గది
ఆగస్టు 11

వదినా,

పసుపు దారం ఇందులో ఉంది. తొడ పంతొమ్మిది, టేపు కింద ఒక వేలు పెట్టే కొలిచాను. కుట్టు విప్పుతుంటే చేతులు వణికాయి. ఈసారి అది మాత్రల వల్ల కాదనుకుంటాను.

వాకరు తిరిగి ఇచ్చేశాను. చేతికర్ర ఉంది. తొడ ముందువైపు చీమలు పాకుతున్నట్టుంది. "మంచిదే, నరం నిద్ర లేస్తోంది" అన్నారు డాక్టరు. మళ్ళీ సూది పరీక్ష చేశారు. కాలు బిగించాను. స్పీకరు నిండా చప్పుడు. నీకెలా చెప్పను? అచ్చం నీ మిషన్ చప్పుడు. పొడుగు కుట్టు వేసేటప్పుడు ఆగకుండా వస్తుందే, అదే. నేను కళ్ళు మూసుకున్నాను. "నొప్పిగా ఉందా?" అన్నారు డాక్టరు.

"లేదండీ. ఇంకాసేపు విననివ్వండి" అన్నాను.

నీ ఆడపడుచు

*

కింది గది
అక్టోబరు 19

వదినా,

ఇది మంచి ఉత్తరం కాదు. అయినా నిజం రాస్తానన్నాను కదా.

నిన్న చెప్పకుండా లైబ్రరీకి వెళ్ళి మెట్లు ఎక్కి చూశాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. మళ్ళీ మేడమ్ నేర్పింది. ఎనిమిది మెట్లు అలా ఒక్కొక్కటే ఎక్కాను. తొమ్మిదో దానికి గర్వమొచ్చి కుడి కాలు ముందు పెట్టాను. మోకాలు మడతపడిపోయింది. కమ్మీ పట్టుకున్నా ఆగలేదు. నాలుగు మెట్లు జారాను. మోచెయ్యి కొట్టుకుపోయింది. అందరూ పుస్తకాలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. పడినదానికంటే అది ఎక్కువ బాధ.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళి చూపించుకున్నాను. కిడ్నీకి ఏమీ కాలేదు. నీది గట్టిది.

పెద్దాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మెల్లగా అన్నారు. "కింద ముద్రలు వేసే బల్ల ఖాళీగా ఉందమ్మా. హాయిగా కూర్చుని చేసే పని. పంతాలకు పోకు." ఆయన మంచివారు. మంచివాళ్ళకు ఎదురు చెప్పడం ఇంకా కష్టం. ఆరేళ్ళలో నేను ఆయనకు ఎదురు చెప్పింది లేదు.

"డిసెంబరు ఒకటి ఇంకా రాలేదండీ" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన జేబులోని తాళం తడుముకుని, "రాలేదు" అన్నారు.

గదికి వచ్చాక మాత్రం ఏడ్చాను. తొడ పంతొమ్మిదిన్నర దగ్గర మూడు వారాలుగా ఆగిపోయింది. నారింజ దారం అలాగే ఉంది. ఇంతవరకేనేమో.

నీ ఆడపడుచు

*

నీ గది, కుట్టు మిషన్ ముందు
అక్టోబరు 23

నా తల్లీ,

ఎదురు చెప్పావా! ఆ కిడ్నీ పని మొదలుపెట్టింది. నాలుగు రోజులాగు, తిట్లు కూడా వస్తాయి.

పడితే పడ్డావు. నేను మొదటి చొక్కా కుట్టినప్పుడు రెండు చేతులూ ఒకే వైపుకు అతికించాను. మా అమ్మ తిట్టలేదు. బ్లేడు చేతికిచ్చింది. విప్పి మళ్ళీ కుట్టడం రానివాడు దర్జీ కాడంది.

మూడు వారాలు ఆగిందంటావా? మిషన్ కూడా ఆగుతుంది. కింద బాబిన్లో దారం అయిపోతుంది, మార్చుకోవాలి. అంతమాత్రాన చొక్కా అయిపోయిందని ఎవరూ చించి పారెయ్యరు. ఆ మళ్ళీ మేడమ్‌కి నీ మొహం కాదు, ఈ ఉత్తరం చూపించు. తొమ్మిదో మెట్టు మీద ఏం చెయ్యాలో ఆవిడనే అడుగు. నోరుంది కదా ఇప్పుడు.

నాకు ఇరవైన్నర కావాలి. అంత గుడ్డ కత్తిరించి కూర్చున్నాను.

వదిన

*

కింది గది
నవంబరు 12

వదినా,

నారింజ దారం. పంతొమ్మిదింముప్పావు.

నీ ఉత్తరం చదివి మేడమ్ నవ్వింది. ఆమె నవ్వగలదని నాకు తెలియదు. ఆసుపత్రిలో మెట్టంత ఎత్తు చెక్కపెట్టె తెచ్చింది. రోజుకు వందసార్లు, కుడి కాలు ముందు పెట్టి ఎక్కాలి. తొంభై తొమ్మిది దాకా నేను లెక్కపెడతాను. వందో దానికి ఆమె "మళ్ళీ" అంటుంది. అందుకని రోజూ నూటొకటి.

చేతికర్రను మూలన పెట్టి తొమ్మిది రోజులైంది.

నీ ఆడపడుచు

*

పాత పత్రికల గది, మూడో అంతస్తు
డిసెంబరు 1

వదినా,

పైన రాసింది చూశావుగా!

పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. నీ ప్యాంటు వేసుకున్నాను. పెద్దాయన మెట్ల కింద నోటీసు బోర్డు చదువుతున్నారు. ఆ బోర్డు మీద ఒకే ఒక నోటీసు ఉంది, రాసింది ఆయనే. మళ్ళీ మేడమ్ సెలవు పెట్టుకుని వచ్చింది. నేను రమ్మనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. నాకు అదే నచ్చింది.

ఎనిమిది మెట్లు ఎడమ కాలు ముందు పెట్టి ఎక్కాను. తొమ్మిదో దాని దగ్గర ఆగాను. నా మోచెయ్యి గీసుకున్న చోట గోడ సున్నం ఇంకా రాలిపోయే ఉంది. అక్కడ నీ మాట గుర్తొచ్చింది. విప్పి మళ్ళీ కుట్టడం. కుడి కాలు పెట్టాను. బరువు దాని మీద వేశాను. మోకాలు వణికింది. నిలిచింది. అక్కడి నుంచి ఒకటి కుడి, ఒకటి ఎడమ, అందరూ ఎక్కినట్టే. ఇరవై, ముప్పై. మలుపు దగ్గర ఊపిరి తీసుకున్నాను. మెట్లు అయిపోతున్నాయని కొంచెం దిగులు కూడా వేసింది. నలభై ఒకటో మెట్టు కుడి కాలు ముందు పెట్టి ఎక్కాను.

కింద చప్పట్లు. పెద్దాయనే కొడుతున్నారు. నిశ్శబ్దం పాటించమని రాసిన నోటీసు కింద నిలబడి!

"మళ్ళీ!" అని అరిచింది మేడమ్.

దిగాను. మళ్ళీ ఎక్కాను. ఈసారి పెద్దాయన నా వెనకే ఎక్కి వచ్చి, ఆయాసపడుతూ జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టారు. "ఈ మెట్లు కట్టినవాడికి మోకాళ్ళు లేవమ్మా" అన్నారు.

తొమ్మిది నెలల దుమ్ము తుడిచాను. నా కుర్చీలో కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించి, రెండు కాళ్ళూ చాపాను. రెండూ చెప్పిన మాట విన్నాయి. తలుపు వేసి, టేపు తీశాను.

ఎరుపు దారం ఇందులో ఉంది. కుడి కాలికి ఇక లోపల ఏ కుట్టూ లేదు.

ఎడమ ఇరవైన్నర. కుడి ఇరవైన్నర.

నువ్వు నమ్మవని తెలుసు. రెండు తొడలూ నూలుపోగు తేడా లేకుండా ఉన్న మనిషిని నువ్వు చూడలేదు కదా. నేనూ నమ్మక మూడుసార్లు కొలిచాను, నిలబడి, టేపు కింద ఒక వేలు పట్టేలా. నీ నోటుపుస్తకం ప్రకారం కుడిది ఇంకో పావంగుళం రావాలి. వస్తుంది. అది వచ్చేలోపు ఈ వింత చూడాలంటే, వచ్చి నువ్వే కొలువు. అన్నయ్యను కూడా తీసుకురా.

మెట్లు నలభై ఒకటి. కమ్మీ పట్టుకుని నెమ్మదిగా ఎక్కు. ఆయాసమొస్తే తొమ్మిదో మెట్టు మీద ఆగి, పైకి చూసి ఒక్క కేక వెయ్యి.

చెయ్యి పట్టుకుని తీసుకురావడానికి నేనే కిందికి దిగి వస్తాను.

నీ ఆడపడుచు